ఖాళీగా వదలకూడని గడి

నాకు నోరు ఆగదు. ఈ సంగతి మా ఆయన పెళ్ళైన మూడో రోజున కనిపెట్టాడు, మా మేనేజరు నేను ఉద్యోగంలో చేరిన మూడో వారంలో కనిపెట్టాడు. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది. ఈ రెండూ పెట్టుకుని నేను కాగితాల ఆఫీసులో పని చేయడమేమిటని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో అడుగుతూనే ఉంటుంది.

మేం ఐర్లండులో, డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో ఉంటాం. మా ఆయనది సాఫ్ట్‌వేరు. నాదీ ఒకప్పుడు అదే. పాప పుట్టాక ఏడేళ్ళు ఇంట్లో కూర్చుని, మళ్ళీ ప్రయత్నిస్తే దొరికింది డబ్లిన్‌లో ఒక పాత సంస్థలో కాంట్రాక్టు ఉద్యోగం. నూరేళ్ళ కిందట దేశాలు తిరిగిన ఐరిష్ అధికారులు, డాక్టర్లు, ఫాదరీలు ఓడల్లో మోసుకొచ్చిన సామానంతా ఆ సంస్థ నేలమాళిగలో ఉంది. బల్లేలు, బుట్టలు, పడవ తెడ్లు, పూసల దండలు. వాటి పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఏ వస్తువు, ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఏ బీరువాలో ఉంది, ఎవరైనా వెనక్కి ఇమ్మని అడుగుతున్నారా. ఈ గళ్ళన్నీ తయారుచేసింది నేనే. ఏ గడి ఖాళీగా వదలచ్చో, ఏది వదలకూడదో నియమాలు రాసిందీ నేనే. వదలకూడని గడి పక్కన ఎర్ర చుక్క పెట్టాను. అది నింపకపోతే ఫారం అంగుళం కూడా ముందుకు కదలదు. అప్పట్లో నా ఎర్ర చుక్కలంటే నాకు భలే గర్వంగా ఉండేది.

ఒకరోజు ఆస్ట్రేలియా రిజిస్టరు ఎక్కిస్తున్నాను. అక్కడ ఆదివాసి పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కొచ్చి పెట్టిన ఒక మిషన్‌కి, అంటే బడీ బోర్డింగూ కలిసినట్టుండే చోటుకి, వైద్యం చేసేందుకు వెళ్ళిన ఐరిష్ డాక్టరు పంపిన సామాను అది. అందులో ఒక వరస చూసి నా చెయ్యి ఆగిపోయింది. 'ఆదివాసి బాలిక. వెంట్రుకలు. ఒక పొట్లం.' పక్క గడిలో డాక్టరు పేరు, వాళ్ళ నాన్న పేరు, చదివిన కాలేజీ ఉన్నాయి. కింద సన్నటి అక్షరాలతో, ఆ ప్రయాణంలో ఆయన వెంట ఉన్న కుక్క పేరు కూడా ఉంది. కుక్కకి పేరుంది, పిల్లకి లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మేనేజర్ని పిలిచి చూపించాను. ఆయన యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, ఈ దేశం వాడే. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చాలా ఘోరం. ఇంగ్లీషు వాళ్ళు మా పట్ల కూడా ఇలాగే ప్రవర్తించారు, తెలుసుగా?" అన్నాడు.

"డాక్టరు మీవాడే కదా?" అన్నాను.

"అది వేరే విషయం," అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

ఆ పొట్లం కోసం ఆస్ట్రేలియా నుంచి ఒక పెద్దావిడ రెండేళ్ళుగా ఉత్తరాలు రాస్తోందని నాకు అప్పుడే తెలిసింది. ఫిబ్రవరిలో ఆవిడ స్వయంగా వస్తోందట. ఒక్క వారం ఉంటుందట. గురువారం కమిటీ కూర్చుంటుంది, ఒప్పుకుంటే శుక్రవారం విమానంలో పొట్లం ఆవిడతో వెళ్తుంది. ముందు నా ఫారం నింపాలి కాబట్టి ఆవిడ పక్కన కూర్చునే పని నాకు పడింది.

సోమవారం పొద్దున వచ్చింది. పొట్టి మనిషి, ముగ్గుబుట్టలాంటి తల, ఎవరిదో మగవాళ్ళ కోటు వేసుకుంది, చేతులు పొడుగై వేళ్ళు కనపడటం లేదు. ఇక్కడి అలవాటు ప్రకారం రిసెప్షన్ పిల్ల దగ్గర్నుంచి అందరూ ఆవిడని పేరు పెట్టి పిలుస్తున్నారు. డెబ్భై ఆరేళ్ళ మనిషిని! నాకు నోరు రాలేదు. "రండి ఆంటీ, ఇలా కూర్చోండి," అన్నాను. మేనేజరు నా వైపు గుర్రుగా చూశాడు. ఆవిడ మాత్రం పకపకా నవ్వింది.

"మా దగ్గర కూడా పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తాం. పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ చెంప పగలగొట్టేది. నువ్వు ఎవరి పిల్లవి?"

ఎవరి పిల్లవి అని నన్ను అడిగి ఎన్నేళ్ళైందో. మా ఊరు చెప్పాను, అమ్మా నాన్నల సంగతి చెప్పాను. ఆవిడ అన్నీ శ్రద్ధగా విని తలూపింది.

టీ వచ్చింది. టీతో పాటు ఆఫీసులో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. వచ్చినవాళ్ళల్లా తమ దేశం ఎలా కొల్లగొట్టబడిందో, తమ భాష ఎలా పోయిందో చెప్పి, "మీ బాధ మాకు తెలుసు," అని చెయ్యి పట్టుకుని వెళ్ళారు. మూడో ఆయన వెళ్ళాక ఆవిడ నా వైపు తిరిగి, "విమానాశ్రయంలో టాక్సీ అతనితో మొదలు. అందరిదీ ఇదే మాట. మరి పొట్లం మాత్రం ఎవరూ ఇవ్వటం లేదు. నువ్వు కూడా చెప్తావా?" అంది.

నిజం చెప్పొద్దూ, నా నోట్లో 'మా దేశాన్ని కూడా రెండొందల ఏళ్ళు' అనే మాట సిద్ధంగానే ఉంది. బిస్కట్టుతో పాటు మింగేశాను.

ఫారం తెరిచాం. ఆవిడ చెప్పింది, నేను టైపు చేశాను. వాళ్ళ అమ్మమ్మా, అమ్మమ్మ అక్కా చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే ప్రభుత్వం వాళ్ళు గుర్రపు బండి మీద వచ్చి ఇద్దర్నీ పట్టుకుపోయారు. పిల్లల్ని బాగు చేస్తామన్నారట. మిషన్లో సొంత భాషలో ఒక్క మాట పలికితే బెల్టు దెబ్బలు. పేర్లు మార్చారు, జుట్టు కత్తిరించారు. డాక్టరు వచ్చి తలలు కొలిచాడు. అక్కని తర్వాత ఇంకెక్కడికో పనికి పంపేశారు. ఎక్కడ పోయిందో, సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. చెల్లెలు మాత్రం పెద్దదై, పిల్లల్ని కని, ముసలిదై, చచ్చేదాకా అక్క కోసం చూసింది.

"అమ్మమ్మ బెల్టు దెబ్బలు తింటూ కూడా దాచుకున్న మాటలు ఓ ముప్పై మిగిలాయి నాకు. మట్టిలో పెట్టేటప్పుడు పాడే పాట ఒకటుంది, అది సగమే వచ్చు. మిగతా సగం తెలిసినవాళ్ళు ఇప్పుడు భూమ్మీద లేరు. ఆ అక్కవైతే ఆ వెంట్రుకలే మిగిలాయి. తీసుకెళ్ళి పెట్టేస్తే మా ఇంట్లో ఏడుపు అయిపోతుంది," అంది. ఏడుస్తూ చెప్పలేదు. బజారు పని చెప్పినట్టే చెప్పింది.

బంధుత్వం గడి దగ్గర 'అమ్మమ్మ' అని రాయమంది. అమ్మమ్మ అక్క అయితే వేరే మాట రాయాలని కమిటీ వాళ్ళు ముందే చీటీ పెట్టారు. "అమ్మమ్మ అక్క అమ్మమ్మ కాకపోతే ఎవరు?" అని ఆవిడ నన్నడిగింది. మా ఇంట్లోనూ అంతేనని చెప్పి 'అమ్మమ్మ' అనే కొట్టాను. ఆ గడి ఏది కొట్టినా ఒప్పుకుంటుంది. 

తర్వాతి గడి పేరు. అవశేషాలు ఎవరివో వారి పేరు, హక్కుదారు చెప్పవలెను. ఎర్ర చుక్క.

ఆవిడ చేతులు కోటు లోపలికి లాక్కుంది. "తెలుసు. చెప్పను," అంది.

"చెప్పకపోతే ఇది కదలదు ఆంటీ."

"అందరి పద్ధతీ ఒకటి కాదు, నేను మా ఇంటి సంగతి చెప్తున్నా. చనిపోయినవాళ్ళ పేరు ఏడుపు అయ్యేదాకా అనం. ఆమెని మట్టిలో పెట్టలేదు కాబట్టి మా ఏడుపు అవలేదు. అమ్మమ్మ అనలేదు, అమ్మ అనలేదు. తెలిసి ఉండాలని నా చెవిలో ఒక్కసారి చెప్పారు. ఇప్పుడు మీ కంప్యూటరు కోసం అనమంటావా?"

నేను నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. ఆ గడికి ఎర్ర చుక్క తీసేస్తాను, ఒక్క నిమిషం పని అన్నాను. కుదరదన్నాడు. పేరు ఆవిడే చెప్పాలి, ఇంకెవరూ అందించకూడదు అన్నాడు. ఎందుకని అడిగాను. "ప్రాసెస్," అన్నాడు. ప్రాసెస్ అంటే ఏమిటని అడిగాను. "కంగారు పడకు, అంతా గ్రాండ్‌గా అయిపోతుంది," అన్నాడు. ఈ దేశంలో ఇల్లు కాలుతున్నా గ్రాండే. దున్నపోతు మీద వాన కురిసినట్టు కూర్చున్నాడు మహానుభావుడు. ఎందుకన్నది ఆ రోజే విప్పి చెప్పి ఉంటే నేను ఆ తర్వాత చేసిన పని చేసేదాన్ని కాదు. ఈ మాట ఆయనతో చాలాసార్లు అన్నాను. అయినా తప్పు నాది కాకుండా పోదు.

ఆవిడ చెప్పదు, వీళ్ళు వదలరు. అయితే నేనే కనిపెడతాను అనుకున్నాను. ఆ డాక్టరు డైరీ స్కాన్లు మా సర్వర్లోనే ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం, మంగళవారం మధ్యాహ్నం అన్నం మానేసి ఆ కోడిగీతల రాత చదివాను. మంగళవారం రెండింటికి దొరికింది. పదేళ్ళ పిల్ల గోడకి ఆనుకుని నిలబడ్డ ఫొటో, తల పక్కన కొలబద్ద. కింద మా రిజిస్టర్లో ఉన్న పొట్లం నంబరే, దాని పక్కన పేరు, దిద్ది దిద్ది మూడు రకాలుగా రాసుకున్నాడు. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. ఆవిడ పేరు అననక్కర్లేదు. నేను చూపిస్తాను, ఆవిడ తలూపితే చాలు, నేను కొట్టేస్తాను. ఎంత తెలివైనదాన్ని!

తెలివి అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఫొటో పెద్దది చేయించాను, కింద పేరు పెద్ద అక్షరాలతో వేయించాను, ఫ్రేము కట్టించాను. సూపర్ మార్కెట్లో పసుపుపచ్చ చేమంతులు నాలుగు కట్టలు కొన్నాను. ఇంటికొచ్చి ప్రెస్‌లోంచి, అలమారని ఇక్కడ అలాగే అంటారు, సూదీ దారం తీసి, వంటింటి బల్ల మీద కూర్చుని దండ గుచ్చుతున్నాను.

"ఆఫీసులో ఈ తతంగమేంటే? తెల్లోళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు మా ఆయన.

"పెద్దావిడకి వాళ్ళ అమ్మమ్మ మొహం చూపిస్తున్నానండీ. పోయినవాళ్ళ పటానికి దండ లేకుండా ఎట్లా ఇస్తాం? మీరు దోసె తినండి."

పన్నెండేళ్ళ మా పాప ఫోన్లోంచి తలెత్తకుండా, "డిడ్ యూ ఆస్క్ హర్, మామ్?" అంది.

"మంచి పనికి అడిగేదేముందే?" అన్నాను.

ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను.

బుధవారం పొద్దున్నే వెళ్ళి, మేం ఫారం నింపిన గదిలో బల్ల మీద పటం నిలబెట్టాను. దండ వేశాను, నుదుట కుంకుమ బొట్టు పెట్టాను. పదింటికి ఆంటీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "చూడండి ఎవరో!" అని, పెళ్ళిలో పేర్లు చదివినట్టు గట్టిగా ఆ పేరు చదివాను.

ఆవిడ ఒక్క క్షణం చూసింది. కోటు చేతితో మొహం కప్పుకుని గోడవైపు తిరిగిపోయింది. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, ఏడుపు కాదు, ఎవరో లోపల్నుంచి తోసినట్టు. "తియ్యి. తియ్యి. తియ్యి," అంది. నాకు అర్థం కాలేదు. సంతోషంతో తట్టుకోలేకపోతోందేమో అనుకున్నాను చూడండి, నా బుద్ధి మీద రోకలిబండ పడ! ఆవిడ గోడ పట్టుకుని తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయాక గానీ నా బుర్రకి ఎక్కలేదు.

చప్పుడు విని మేనేజరు వచ్చాడు. పటం చూశాడు, పేరు చూశాడు. మొహం సున్నంలా పాలిపోయింది.

"ఆవిడకి ఇది చూపించావా?"

"అవును."

"ఆ డైరీ ఇంతవరకు ఆవిడ చూడలేదు. బయటివాళ్ళెవరూ చూడలేదు. ఆవిడ చెప్పే పేరు ఆ డైరీలో పేరుతో కలిస్తే, అదే ఋజువు. వేరే ఋజువు లేదు. అందుకే ఎవరూ అందించకూడదన్నాను. ఇప్పుడు ఆవిడ చెప్పినా చెల్లదు."

చేతులు కాలాక ఆకులు ఇస్తున్నాడు. "ఆ ముక్క సోమవారం చెప్పడానికి ఏం వచ్చింది?" అని అరిచాను. ఆయన కూడా మొదటిసారి గొంతు పెంచాడు. "నువ్వు ఇలా చేస్తావని ఎవరు అనుకుంటారు?" అన్నాడు. నిజమే. దండలు గుచ్చుకొచ్చి ఋజువు పాడు చేస్తారని ఐర్లండులో ఎవరు అనుకుంటారు? అది మా వాళ్ళకే చేతనవును.

బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. జన్మలో తాతయ్య పేరు పలకలేదు ఆవిడ. ఓటర్ల లిస్టు రాసేవాళ్ళు వచ్చి మీ ఆయన పేరేంటంటే గోడ మీద దేవుడి కేలండరు వైపు వేలు చూపించేది, లేకపోతే నన్ను మోచేత్తో పొడిచేది. నేను చెప్పేదాన్ని. ఒకసారి నేను బడిలో ఉన్నప్పుడు వచ్చినవాడికి ఓపిక లేక, "పేరు చెప్పని మనిషికి ఓటెందుకు," అని ఆవిడని వదిలేసి పోయాడు. ఆ గుమాస్తాని మా ఇంట్లో ఏళ్ళ తరబడి తిట్టుకున్నాం. అలాంటి ఇంట్లో పుట్టి, పేరు అనలేని మనిషి ఎదురుగా కూర్చుంటే నాకు తట్టలేదు. దండ మాత్రం తట్టింది. మంచి పనికి అడిగేదేముందే అన్నాను కదా, ఆ గుర్రపు బండి వాళ్ళూ, ఆ మిషన్ వాళ్ళూ, కత్తెర పట్టుకున్న డాక్టరూ కూడా ఆ మాటే అనుకుని ఉంటారు. వాళ్ళకీ అందులో మంచే కనపడి ఉంటుంది.

మొహం కడుక్కుని వెళ్ళాను. ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోలేదు, ఎదురుగా నిలబడ్డాను. తప్పైపోయిందన్నాను. పోయినవాళ్ళ పటానికి దండ వేయడం మాకు మర్యాద అని, అడగకుండా చేశానని, ఇప్పుడు ఋజువు కూడా నా వల్ల పోయిందని అన్నీ చెప్పాను.

ఆవిడ కోటు చేతులు సర్దుకుని, "మీ ఇంట్లో అది గౌరవమే అయ్యుంటుంది. మా ఇంటికి తెచ్చేముందు అడగాల్సింది," అంది. తర్వాత, "ఇప్పుడు ఆ పేరు నీకూ తెలుసు. కాబట్టి నువ్వూ నోరు మూసుకో," అంది. సరేనన్నాను. ఇప్పటికీ ఆ పేరు అనలేదు. ఇందులో ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం కూడా అదే. ఆమె పేరు రాయకుండా మిగతావాళ్ళవి రాయడానికి మనసు ఒప్పలేదు.

గురువారం కమిటీ. ముగ్గురు సభ్యులు, మేనేజరు, ఆంటీ, నేను. నేను చేసిన పని నేనే లేచి చెప్పాను. అధ్యక్షుడు చాలా మర్యాదగా విచారం వెలిబుచ్చి, ఋజువు లేని కారణంగా, అని మొదలుపెట్టాడు. ఆంటీ చెయ్యెత్తింది.

"ఆమె వాడిని కరిచింది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"వెంట్రుకలు కత్తిరిస్తుంటే. అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. మాకు చిన్నప్పుడు ఏడుపొస్తే ఈ కథే చెప్పేది. కుడి చెయ్యి, బొటనవేలి మొదట్లో. రక్తం వచ్చేలా కరిచింది. ఆ రోజు ఆమెకి అన్నం పెట్టలేదు. మీ డాక్టరు రాసుకున్నాడో లేదో నాకు తెలియదు. చేతికి నొప్పి పెడితే మగవాళ్ళు రాసుకుంటారు."

మేనేజరు డైరీ పేజీ తిప్పాడు. నేను పేరు దొరకగానే ఆ ముందు పేజీలు చూడటం మానేశాను, వాటిని నేను చదవనే లేదు. ఆయన లోపల చదువుకుని, తర్వాత పైకి చదివాడు. బాలిక కుడిచేతి బొటనవేలి మూలంలో కరిచినది, పుండు పడి పది రోజులు కలం పట్టలేకపోతిని. సభ్యుల్లో ఉన్న ఒకావిడ ఉండబట్టలేక నవ్వేసింది. ఆంటీ కూడా నవ్వింది. నాకు లేచి ఈల వెయ్యాలనిపించింది.

"ఇది చాలా బలమైన సాక్ష్యం," అన్నాడు అధ్యక్షుడు. హమ్మయ్య అనుకున్నాను. "అయితే ఫారంలో పేరు లేకుండా దరఖాస్తు నమోదు కాదు. న్యాయ సలహా తీసుకుని శరత్కాలం సమావేశంలో చూద్దాం."

"మీ శరత్కాలమా, మాదా?" అంది ఆంటీ. వాళ్ళ దేశంలో ఋతువులు తలకిందులు కదా. మాదేనని ఆయన చెప్పాడు. ఎనిమిది నెలలు.

శుక్రవారం పొద్దున పది నిమిషాలు ఆ పొట్లంతో కూర్చోనిచ్చారు. సిబ్బంది ఎవరో ఒకరు ఉండాలన్నది రూలు. నేను అద్దం తలుపు బయట, లోపలికి వీపు పెట్టి నిలబడ్డాను. లోపల ఆవిడ మాట్లాడుతుంటే విన్నాను, ఆ ముప్పై మాటలే అనుకుంటాను, అవే మళ్ళీ మళ్ళీ. తర్వాత పాట. సగంలో ఆగిపోయింది. ఉత్త చేతులతో విమానం ఎక్కింది.

ఎర్ర చుక్క తీసేయడానికి అనుమతి ఇమ్మని ఆ తర్వాత నేను ఐదుసార్లు రాతపూర్వకంగా అడిగాను. తర్వాతి దశలో చూద్దామన్నారు. ఆ నియమం రాసింది నేను, తీసే అధికారం నాకు లేదు. తాళం చేసినవాడే వీధిలో నిలబడ్డట్టుంది నా పని.

జూలైలో ఆంటీ మేనకోడలు ఫోన్ చేసింది. "మా ఆంటీ వెళ్ళిపోయింది. ఆమె పని నేను పూర్తి చేయాలి. ఏం చెయ్యాలో చెప్పు," అంది.

నేను మాట్లాడలేకపోయాను. ఈసారి ఎవరూ మూసుకోమనలేదు, దానంతటదే మూతపడింది నోరు. మేనేజరుకి చెప్పాను. నిజంగా బాధపడ్డాడు, పాపం. తర్వాత, "హక్కుదారు మారారు కాబట్టి కొత్త ఫారం వేయాలి. మరణించిన హక్కుదారు పేరు కూడా అందులో రాయాలి," అన్నాడు. ఆ గడికీ ఎర్ర చుక్కే.

మేనకోడలికి చెప్తే, "ఆంటీ పేరు ఇప్పుడు మేం అనం," అంది. తెలుసన్నాను.

ఆ మధ్యాహ్నం అందరూ కాంటీన్‌కి వెళ్ళాక మా గదిలో అందరం వాడే అడ్మిన్ అకౌంటు తెరిచాను. నేను రాసిన నియమాల్లో రెండు వరసలు చెరిపేశాను. రెండు ఎర్ర చుక్కలూ పోయాయి. మేనకోడలి కొత్త ఫారంలో రెండు పేర్లూ ఖాళీగా వదిలి బటన్ నొక్కాను. 'మీ దరఖాస్తు నమోదైంది' అని ఆకుపచ్చగా వచ్చింది. అంతే. ఎనిమిది నెలలు ఆగాల్సిన పని ఎనిమిది సెకన్లు పట్టింది. ఫిబ్రవరిలో, ఆవిడ నా పక్కన కూర్చుని ఉండగానే ఈ పని చేసి ఉంటే ఏం పోయేది? ఉద్యోగం పోయేది. పోనీ!

అక్టోబరులో కమిటీ ఆ కాగితాలు చూసింది. ఖాళీ గళ్ళ సంగతి ఒక్కరూ అడగలేదు. కరిచిన పేజీ నకలు ఇంకోసారి చదువుకుని, పావుగంటలో సంతకాలు పెట్టేశారు. నవంబరులో మేనకోడలు వచ్చి పొట్లం ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది. ఆంటీ పక్కనే మట్టిలో పెట్టామని, ఆ సగం పాట ఇప్పుడు తనొక్కతే పాడానని రాసింది. పేర్లు ఇంకా అనవద్దని, ఎప్పుడు అనచ్చో చెప్తామని రాసింది.

జనవరిలో మేనేజరు ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. అది నా కాంట్రాక్టు పొడిగించే నెల. ఆడిట్ వాళ్ళు వచ్చారట. రెండు గళ్ళకి నియమం మాయమైందని పట్టుకున్నారట. అడ్మిన్ అకౌంటు కాబట్టి ఎవరు తీశారో కంప్యూటరు చెప్పటం లేదు.

"ఎవరు చేశారో నేను అడగటం లేదు," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఇక్కడ ఒక పేరు ఉండాలి. ఈ గడి ఖాళీగా వదిలితే వాళ్ళు ఒప్పుకోరు."

"పెన్ను ఇవ్వండి," అన్నాను.

ఇంటిపేరుతో సహా రాశాను.